మూడో పూట పిండేలోపు

కొట్టానికి కొత్తగా వచ్చిన దేన్నైనా ముందు కడగాలన్నది బాలమ్మ పద్ధతి. బర్రె అయినా, దూడ అయినా, ఆఖరికి పాలక్యాను అయినా సరే. అందుకే నిన్న సాయంత్రం కొడుకు గోవర్ధన్ తోలుకొచ్చిన జీపును, తెల్లవారి పాలు పిండడం అయిపోగానే కొట్టం ముందు నిలబెట్టించి, నీళ్ల పైపు చేతపట్టుకుని కోడలిని పిలిచింది.

"యశోదా, పీచు తేవే. వీపు నేను రుద్దుత, కడుపు కింద నువ్వు రుద్దు."

జీపు కొన్నవాడు ఎవడూ దాని కడుపు కింద కొబ్బరిపీచుతో రుద్దడు. బానెటు తుడిచి, దండ వేసి, నిమ్మకాయలు తొక్కించి ఊరుకుంటాడు. కార్వాన్‌లో మూడు తరాలుగా పాలమ్ముకు బతుకుతున్న ఈ ఇంట్లో ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. యశోద కొంగు బిగించి, గోనెసంచి పరుచుకుని జీపు కిందికి దూరింది.

నాలుగుసార్లు రుద్దేసరికి రంగు పీచుకు అంటుకుని వచ్చింది. మట్టి అనుకుంది. ఇంకొంచెం గట్టిగా రుద్దితే అరచేయంత పెచ్చు ఊడి మణికట్టు మీద పడింది. పైన ఆకుపచ్చ రంగు, దాని కింద బూడిదరంగు లప్పం, లప్పం వెనక నానిపోయిన పేపరు ఉండ, దాని వెనక తుప్పు. ఎర్రగా, పొరలుపొరలుగా, మానని పుండు మీది చెక్కులాగా ఉంది. యశోద వేలు పెట్టి చూసింది. వేలు లోపలికి దిగింది. అవతల తడిగా, మెత్తగా ఏదో తగిలింది. గబుక్కున లాక్కుంటే ఎలుక ఉచ్చ వాసన ముఖానికి కొట్టింది.

ఆమెకు పేడంటే ఏవగింపు లేదు. ఈనిన బర్రె మాయ పడకపోతే మోచేతి దాకా చెయ్యి పెట్టి తీసింది. గిట్టల్లో చీము పిండింది, పురుగులు ఏరింది. ఆ చేతులే కడుక్కుని అన్నం తిన్నది. పేడ పేడలాగే ఉంటుంది, పుండు పుండులాగే కనిపిస్తుంది. ఇక్కడ మాత్రం ఎవరో తీరిగ్గా కూర్చుని, పేపరు కుక్కి, లప్పం పెట్టి, వేలితో నునుపు చేసి, మీద రంగు కొట్టారు. లప్పంలో ఆ వేలి గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. వాటిని చూశాకే ఆమె రోతతో పీచు వదిలేసి బయటికి వచ్చింది.

ఆ వేలు ఎవరిదో తెలియదు. జీపు మాత్రం రామ్‌చందర్‌ది, అతను బాలమ్మ సొంత తమ్ముడు. రెండు గల్లీల అవతల అతని కొట్టం.

బేరంలో డబ్బు మాట రాలేదు. మూసీ ఒడ్డు గడ్డిమడుల్లోకి రోజూ పోయి పచ్చగడ్డి తెచ్చుకోవాలి. ఆ నల్లటి బురదలో గోవర్ధన్ ట్రాలీ ఆటో వారానికి రెండుసార్లు కూరుకుపోయేది. నాలుగు చక్రాలూ లాగే జీపు తన దగ్గర ఉందన్నాడు రామ్‌చందర్. ట్రాలీ, దాంతోపాటు రెండో ఈత పాలిస్తున్న ముత్యాలు అనే బర్రె ఇచ్చి జీపు తీసుకొమ్మన్నాడు. గోవర్ధన్ వెంటనే ఒప్పుకున్నాడు. గడ్డి సంగతి అలా ఉంచి, దీపావళి మరునాడు దున్నపోతులను ఊరేగించే సదర్‌లో తమ దున్నపోతుకు ముందు ఆ జీపు మీద నిలబడి ఊరేగాలని అతని ఆశ. ముత్యాలును దూడగా ఉన్నప్పటి నుంచీ సాకింది యశోద. ఆమెను ఎవరూ అడగలేదు.

పాలవాళ్లలో బర్రె చేతులు మారితే ఒక కట్టుబాటు ఉంది. కొన్నవాడు మూడు పూటలు పిండి చూసుకుంటాడు. నచ్చకపోతే మూడో పూట పిండకముందే వాపసు తోలాలి. మూడో పూట పొదుగు మీద చెయ్యి పడిందంటే బేరం ఖాయం, తరవాత నోరెత్తకూడదు. నిన్న తాళంచెవి ఇస్తూ రామ్‌చందర్ నవ్వాడు. "నీ బర్రెను నేను మూడు పూటలు సూస్త అల్లుడా, నా జీపును నువ్వు మూడు పూటలు సూస్కో. నచ్చకుంటే ఎవల సొమ్ము వాళ్లది."

నిన్న సాయంత్రం ఒక పూట. ఈ పొద్దున రెండోది. మిగిలింది ఈ సాయంత్రం ఒక్కటే.

"ఇగో, ఇటొచ్చి సూడు," అని యశోద మొగుణ్ణి పిలిచింది.

గోవర్ధన్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత లేచి, "పాత బండి అన్నంక తుప్పుండదా? గింత దానికి లొల్లి ఎందుకు? రేకు ఏపిస్తే అయిపాయె," అన్నాడు.

"లోపల పట్టా లేపు."

ముందు సీటు వెనక పరిచిన రబ్బరు పట్టా లేపాడు. చీకిపోయిన దూది, గడ్డి, వాటి మధ్య ఎండి ఎర్రబారిన నాలుగు ఎలుకపిల్లలు. పట్టాకు అంటుకుని ఒకటి పైకి లేచింది. బాలమ్మ "థూ" అని పైపు అటు తిప్పింది. నీళ్లు పోసిన చోటే నిలవలేదు, బొటబొటా కిందికి కారిపోయాయి.

"శాలిబండల ఖదీర్ భాయికి సూపిస్త," అన్నాడు గోవర్ధన్.

"యశోదను కూడ తీస్కపో. నీకు ఎవడేం జెప్పినా తల ఊపుడే," అంది బాలమ్మ.

యశోద వెనక కూర్చుంది. రేపటి నుంచి గడ్డిమోపులతో పాటు ఆమె కూర్చోవలసిన చోటు అదే. పురానాపూల్ దాటుతుంటే రెండు పాదాల మధ్య రంధ్రంలోంచి రోడ్డు పరుగెత్తుతూ కనిపించింది. పొంగిన మోరీ ఒకటి దాటినప్పుడు ఆ రంధ్రంలోంచి నల్లనీళ్లు ఎగజిమ్మి చీరను, మోకాళ్లను తడిపాయి. ఆమె కాళ్లు పైకి ముడుచుకుంది. పట్టుకుందామని పక్కన చెయ్యి వేస్తే అంచు పెళుసుగా విరిగి పిడికిట్లోకి వచ్చింది.

ఖదీర్ రేకుపని చేసేవాడు. గడ్డం నెరిసింది. జీపును చూసి నవ్వాడు. "మాషా అల్లా, దుల్హన్ లెక్క, పెండ్లిపిల్ల లెక్క తయారు జేసిన్రు గదా, గోవర్ధన్ భాయ్!" అని చిన్న సుత్తి తీసుకుని కిందికి దూరాడు. ముందు భాగంలో సుత్తి ఖంగుమంది. వెనక్కి పోయేకొద్దీ ఆ చప్పుడు చచ్చిపోయి, తడిసిన అట్టను కొట్టినట్టు వినిపించింది. ఆయన బయటికి వచ్చి నెత్తిన రాలిన తుప్పు దులుపుకున్నాడు.

"ఫ్లోర్ కోసేసి కొత్త రేకు ఏస్త. మడ్‌గార్డులు ఏస్త. పదిహేను దినాలు. ఇంజన్ ఏ వన్ ఉంది, ఝూట్ చెప్ప. గనీ ఎన్క బండిని మోసే ఛాసీని తుప్పు తిన్నది. వెల్డింగ్ పట్టాలంటే ఇనుం ఉండాలె గదా భాయ్? ఈడ రంగు ఉన్నది, లప్పం ఉన్నది, ఇనుమే లేదు."

"పట్టీ ఏసి గట్టి చెయ్యరాదా?" గోవర్ధన్ బతిమాలుతున్నట్టు అడిగాడు.

"చెయ్యమంటే చేస్త. నా పిల్లలు బీ తినాలె. ఒక్క మాట జెప్పు. ఎన్క ఎవరు కూసుంటరు?"

గోవర్ధన్ తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు.

"నేనే," అంది యశోద.

ఖదీర్ ఆమె తడిసిన చీర వైపు చూశాడు. సుత్తిని డబ్బాలో పడేశాడు. "వాపస్ ఇచ్చేయ్ భాయ్. ఫికర్ చెయ్యకు, పరీక్ష జేసినందుకు నేనేం తీస్కోను."

ఇంటికి వచ్చేసరికి రామ్‌చందర్ మంచం మీద కూర్చుని అక్క పెట్టిన చాయ్ తాగుతున్నాడు. జీపు కడగడం గల్లీలో ఎవరో చూసి చెప్పినట్టున్నారు.

"ఏంది అల్లుడా, నా బండి తోలు ఒలిసిన్రట?"

"కిందంత తుప్పే ఉన్నది మామా."

"పీచు పెట్టి రుద్దితె నా తోలు బీ ఊడుతది. జీపును ఎవడన్న కడుపు కింద రుద్దుతడా?"

"తెచ్చినదాన్ని కడగకుండ ఎవడు పిండుతడు?" బాలమ్మ నిజంగానే అడిగింది.

"అక్కా, అది బర్రె కాదే." అతను నవ్వాడు. నవ్వినప్పుడు చాయ్ మీసానికి అంటింది, దాన్ని నాలుకతో చప్పరించుకున్నాడు. యశోద ముఖం తిప్పుకుంది. "మనల మనకు వాపసు ఏంది? నలుగురిల నా ఇజ్జత్ ఏంగావాలె? రేకు, రంగు నేను ఇప్పిస్త. అల్లుడు సదర్ల జీపు మీద నిలబడితే కార్వాన్ మొత్తం సూడాలె."

అంతే, గోవర్ధన్ ముఖం వికసించింది. "గట్లయితే రిపేర్ చేపిద్దం, అమ్మా," అన్నాడు. ఖదీర్ చెప్పిన మాట అతని నోటి నుంచి రానేలేదు. బాలమ్మ తమ్ముడి వంకా, కోడలి వంకా చూసి, "నాకేం దెల్వది, మీరే సూస్కోండ్రి," అని చాయ్ గ్లాసు తీసుకుంది.

"ఛాసీ పోయిందన్నడు ఖదీర్ భాయ్," అంది యశోద. అనడమైతే అంది కానీ మామా అల్లుళ్లు అప్పటికే జెండా ఎక్కడ కట్టాలో మాట్లాడుకుంటున్నారు.

కాసేపటికి రామ్‌చందర్ లేచాడు. "పోత అక్కా. పిండే యాల్లయింది."

గోడ మీద గడియారం మూడున్నర చూపిస్తోంది. కార్వాన్‌లో ఏ కొట్టంలోనూ ఐదు కాకముందు సాయంత్రం పాలు పిండరు. రామ్‌చందర్ గల్లీ మలుపు తిరిగేదాకా యశోద చూస్తూ నిలబడింది. తరవాత దండెం మీది పలుపు భుజాన వేసుకుని వెంట నడిచింది.

రామ్‌చందర్ కొట్టంలో ముత్యాలు వెనక కాళ్లు కట్టేసి ఉంది. తలను గుంజకు దగ్గరగా బిగించారు. మెడ మీద సూది గుచ్చిన చోట నెత్తురు బొట్టు, దాని మీద ఈగలు. గూట్లో పాలు దిగడానికి గుచ్చే మందువి, మూత ఊడిన చిన్న సీసాలు మూడు. నిన్న, పొద్దున, ఇప్పుడు. యశోద లెక్కపెట్టింది. కొత్త చేతికి ముత్యాలు చేపలేదు, పొదుగులోకి పాలు దించలేదు. యశోద వాళ్ల కొట్టంలోనే ఉండిపోయిన దూడను తెచ్చుకుని పొదుగుకు ఆనించి, కాసేపు ఆగి ఉంటే చేపేది. అంత ఓపిక ఎవరికీ లేకపోయింది. బర్రె ఒళ్లు వణుకుతోంది. సన్నులు వాటంతటవే కారుతున్నాయి. కింద పేడలో, ఉచ్చలో తెల్లటి పాలు చారలుగా కలుస్తున్నాయి.

రామ్‌చందర్ బకెట్టు పెట్టి గొంతుక్కూర్చోబోతున్నాడు.

"చెయ్యి ఎయ్యకు, చిన్నాయినా."

అతను ఉలిక్కిపడి చూశాడు. "ఏంది బిడ్డా?"

"ఇంక మూడో పూట కాలే. జీపు నచ్చలే మాకు."

"ఎవలికి నచ్చలే? మొగోడు ఒప్పుకున్నడు. మీ అత్త ఊకున్నది. నువ్వెవలు నడుమల?"

"అండ్ల కూసునేది నేను."

వంగి కాళ్ల కట్టు విప్పింది. అతను అడ్డం వస్తాడనుకుంది. రాలేదు. ఆమె కళ్లు గూట్లో సీసాల మీదికి పోవడం అతను చూశాడు. లుంగీ సర్దుకుంటూ, "పాలకు అందరూ ఏస్తరే, నేనొక్కన్నా?" అన్నాడు. ఆ గొంతులో సిగ్గు లేదు, అలిగినట్టు ఉంది. అది యశోదకు మరీ రోతగా అనిపించింది. అతని తాడు అక్కడే వదిలి, తను తెచ్చిన పలుపు ముత్యాలు మెడకు వేసి బయటికి నడిపించింది.

షేర్ ఆటోలు హారన్లు కొడుతున్నాయి. బర్రె నడుస్తుంటే పాలు రోడ్డు మీద చుక్కలుగా పడ్డాయి. రెండు కుక్కలు వాటిని నాకుతూ వెంటపడ్డాయి. పండ్ల బండివాడు "అరె అమ్మా, పాలు పోతున్నయ్!" అని అరిచాడు. యశోద ఆగలేదు.

కొట్టంలోకి రాగానే బాలమ్మ ఎదురొచ్చింది. కారుతున్న సన్నులు చూసింది. వంగి మెడ మీది ఈగలు తోలి, ఆ బొట్టు మీద బొటనవేలు పెట్టింది.

"సూది ఏసిండా?"

"మూడు పూటలు."

బాలమ్మ వేలిని గోడకు తుడుచుకుంది. కొడుకు వైపు తిరిగి, "బండి తీస్కపోయి వాని కొట్టం ముంగట పెట్టు. ట్రాలీ తోల్కరా," అంది.

"అమ్మా, మామ ఏమనుకుంటడు? సదర్ల నలుగురికి ఏం జెప్పాలె?"

"సదర్ల నడుసుకుంట పోతవ్. మీ నాయిన నడవలేదా?"

గోవర్ధన్ పెళ్లాం వంక చూశాడు, ఆమె ఏదైనా సర్ది చెబుతుందేమోనని. యశోద అప్పటికే పొదుగు కడిగి, దూడను వదిలి కూర్చుంది. దూడ నోరు పెట్టబోతే మూతి పక్కకు నెట్టింది. జీపు మూడుసార్లు దగ్గి, నల్లటి పొగ వదిలి కదిలింది. ఆమె తల తిప్పలేదు. కింద గిన్నె పెట్టలేదు. నాలుగు సన్నులూ పూర్తిగా ఖాళీ అయ్యేదాకా సూదికి దిగిన ఆ పాలను మోరీలోకే పిండింది.