బొట్టు పెట్టిన సీడీ

పురుషోత్తమన్ టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నె కూడా ఊడదీసి చూశాడు. పులిసిన సాంబారు వాసన తప్ప ఏమీ లేదు. షిఫ్టు దిగిన కార్మికుల సంచులు మిల్లు గేటు దగ్గర తడమడం ఆయన ఉద్యోగం. దొంగ నూలు కండె ఒక్కటైనా దొరికి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. అయినా చేతులకు నమ్మకం కుదరలేదు. సన్నటి మనిషి, మోచేతుల దగ్గర వెలిసిన ఖాకీ చొక్కా, గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఎవరిదో ఒకరి కూర పసుపు.

ఇంట్లోనూ అంతే. పాలలో నీళ్లు, పప్పులో రాళ్లు, అల్లుడి నవ్వులో ఇంకేదో కనబడుతూనే ఉండేవి. అనుమానం పెనుభూతం అంటారు. ఆయన దానికి జీతం తీసుకునేవాడు, అంతే తేడా.

ఆ భూతం దిగేది ఒక్కచోటే. నటేశన్ నగర్ ఇంట్లో, కూతురు ప్రీతి పెళ్లై వెళ్తూ వదిలేసిన కంప్యూటర్‌లో, పాత విమానాల ఆట ముందు. మబ్బుల్లో ఎగిరేవాడి సంచీ ఎవరూ వెతకరు. ఆ సంతోషం ఆయనకు ఇంకెక్కడా దొరకలేదు.

ఆయుధపూజకు ముందు, వీధి చివరి కంప్యూటర్ రిపేరు షాపు ఉదయకుమార్ వచ్చి విండోస్ 98ని ఎక్స్‌పీకి మార్చాడు. ఆనాటి నుంచి ఆట తెరుచుకోలేదు. ఆటను దొంగిలించాడని పురుషోత్తమన్ టీకొట్టులో చెప్పాడు, రేషన్ షాపులోనూ చెప్పాడు. వీధివాళ్లు ఉదయకుమార్ చేతికి కంప్యూటర్లు ఇవ్వడం మానేశారు.

ఈ సాయంత్రం భార్య కనగం విల్లియనూరు గుడికి వెళ్లింది. ఉదయకుమార్ తనంతట తానే గుమ్మం ఎక్కాడు.

"మామా, ఆట ఆడితే నేను దొంగ కాదని వీధిలో నువ్వే చెప్పల్ల."

"ఫస్ట్ ఆడనీ."

పురుషోత్తమన్ స్టూలు లాక్కుని అతని చేతులనే చూస్తూ కూర్చున్నాడు. ఉదయకుమార్ ఆట గుర్తు మీద రైట్ క్లిక్ చేసి, పాత విండోస్‌లో ఉన్నట్టే నడిచేలా మార్చాడు. ఇన్నాళ్లూ నల్లగా వచ్చి మాయమైన తెర ఈసారి నిలబడి సీడీ పెట్టమంది.

"సీడీ ఇయ్యి మామా."

"నీ చేతికా? ఆ పొద్దు కంప్యూటర్ లోపల్నించి దాన్ని తీసింది నువ్వే కదా. నేనే పెడతా."

దేవుడి గూట్లోంచి తెచ్చి, చెయ్యి అడ్డం పెట్టుకుని తోశాడు. తెర మళ్లీ సీడీ పెట్టమంది. రెండోసారీ అదే. ఉదయకుమార్ చాచిన చెయ్యి చాచే ఉంచాడు. చివరికి ఇవ్వక తప్పలేదు.

మెరిసే వైపున రూపాయంత గంధం, దాని మీద కుంకుమ ఎండిపోయి ఉన్నాయి.

"ఏంది మామా ఇది? ఎవురు పెట్టింది?"

"నేనే. ఆయుధపూజకు. మెరిసేది మొగం కదప్పా. వీపుకు పెడతారా యాడన్నా బొట్టు?"

ఉదయకుమార్ నవ్వలేదు. తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి పెట్టాడు. విమానం లేచింది.

పురుషోత్తమన్ తెర వైపు చూడలేకపోయాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. "రేపు టీకొట్లో నేనే చెప్తా," అన్నాడు. వెళ్లేటప్పుడు ఉదయకుమార్, ఆ ఇంటికి వచ్చేవాళ్లందరికీ అలవాటైనట్టే, తన పనిముట్ల సంచీ తెరిచి చూపించాడు. పురుషోత్తమన్ లోపలికి చూడకుండానే జిప్పు మూసేశాడు.

తెల్లవారి దేవుడి గూటికి దణ్ణం పెట్టుకుని, టీకొట్టుకని చొక్కా తొడుక్కుని, చెప్పులు వేసుకోవడానికి అరుగు మీద కూర్చున్నాడు. కనగం కాఫీ తెచ్చేసరికి గోడకు ఆనుకుని అలాగే ఉన్నాడు. పిలిస్తే పలకలేదు.

చావింటికి వచ్చిన ఉదయకుమార్‌ను చూసి వీధి జనం పక్కకు జరిగారు. ఒకామె మెడలో గొలుసును కొంగుతో కప్పుకుంది. అతని తరఫున మాట చెప్పవలసిన ఒక్క మనిషీ చాప మీద పడుకుని ఉన్నాడు.

తల దగ్గర పెట్టే దీపం కోసం కనగం దేవుడి గూటి తలుపు తెరిచింది. లోపల సీడీ ఉంది. ఈసారి ఆట పేరు అచ్చు వేసిన వైపున పెట్టిన గంధం ఇంకా పూర్తిగా ఆరలేదు, దాని నడుమ కుంకుమ ఎర్రగా ఉంది.