కదలని మచ్చ

మూడో రోగి ఆమె మోచేతిలో గోళ్లు దించి, కడుపులో ఒక్క తన్ను తన్నాడు. గొంతులోకి కెమెరా గొట్టం దిగుతుంటే ఎవరైనా తంతారు. ఎడమచేత్తో అతని తలను దిండుకు అదిమి, కుడిచేత్తో రెండు మణికట్లూ బిగించి, "అయిపోయిందయ్యా, అయిపోయింది" అంటూనే ఉంది. ఇరవయ్యేళ్లుగా ఈ పరీక్ష గదిలో ఆమె పని మనుషుల్ని పట్టుకోవడం, గొట్టాలు కడగడం. ఆ పట్టు చూసి అందరూ ఉడుం అంటారు. ఇంట్లో ఆ పట్టు ఎటు పోయేదో మరి! మొగుడు చెయ్యెత్తితే మొహానికి చేతులు అడ్డం పెట్టుకునేది, అంతే.

నాలుగో రోగి ఆ మొగుడే. లారీ డ్రైవరు. ఛాతీలో మంట నెలలుగా తగ్గడం లేదని వచ్చాడు. పాలు చల్లారాయని నిన్న రాత్రి విసిరిన గ్లాసుకు ఆమె పెదవి ఇంకా ఉబ్బే ఉంది.

గొట్టం దిగగానే ఓకరించాడు, గింజుకున్నాడు, ట్రాలీని తన్ని పడేశాడు. ఆమె అదిమి పట్టింది. డాక్టరు పెద్ద తెర చూస్తున్నాడు. పక్కన చిన్న తెర కొత్త కంప్యూటరుది. అన్నవాహిక బొమ్మల్లో క్యాన్సర్ అనుమానం వస్తే చాలు, దానంతటదే ఆ చోటు చుట్టూ పచ్చరంగు గడి గీసి కూత పెడుతుంది. నురగక్కూడా కూస్తోందని విసిగి, డాక్టరు వారం కిందటే దాని నోరు నొక్కించాడు.

చిన్న తెర మీద ఓ మచ్చ చుట్టూ పచ్చ గడి వెలిగింది.

"నురగే" అంటూ డాక్టరు గొట్టం వెనక్కి లాగసాగాడు.

నురగైతే కదులుతుంది. రోజూ గొట్టాలు కడిగే మనిషికి ఆమాత్రం తెలుసు. ఇది కదలడం లేదు. నోరు మూసుకుంటే చాలు. చావనీ, అనుకుంది. ఊరికే కాదు, వాడు విరగ్గొట్టిన రెండు పక్కటెముకల సాక్షిగా అనుకుంది.

"ఆగండి సార్. అది కదలట్లేదు. నీళ్లు కొట్టి చూడండి."

నీళ్లకు నురగ పోయింది, ఎర్రమచ్చ మిగిలింది. డాక్టరు మొహం పాలిపోయింది. ముక్క తీసి పరీక్షకు పంపాడు.

"క్యాన్సరే అనుకుంటానమ్మా. మొదట్లోనే దొరికింది, బతుకుతాడు. నువ్వనకపోతే వదిలేసేవాణ్ణి."

వార్డులో మొగుడు గొంతు పెగలగానే, "నలుగురిలో నన్ను అదిమి పడతావే?" అంటూ చెయ్యెత్తాడు. ఆ చెయ్యి గాల్లోనే ఆమెకు దొరికింది. కుయ్యోమనేదాకా పిండింది.

"బతుకుతావంట. మీ అన్నని పిలిపించుకో. నేను మా అక్క దగ్గరికి పోతున్నా, ఇంక రాను."

చెయ్యి వదిలేసి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

మంచం పక్క స్టూలు మీద తోడుండేవాళ్లకిచ్చే పాసు ఉంది. 'రోగికి ఏమవుతారు' అన్నచోట, ఆమె చేతిరాతతో, 'భార్య' అని.