గింజ పడుకుంటే వెలుగు నిలబడింది

పొద్దుటి నుంచి దోన్ గోయో గర్జిస్తూనే ఉన్నాడు. మా అగ్నిపర్వతాన్ని అలాగే, ఇంటి పెద్దమనిషిలా పిలుస్తాం. చోలూలాలోని విపత్తుల కార్యాలయంలో కిటికీ అద్దాలు గడగడలాడుతున్నాయి. మా అక్క ఓర్తెన్సియా నన్ను కాల్చుకు తింటోంది.

"ఏవే లెయోకాదియా, ఇది కొండా, మాడిన పెనమా?"

వెనక నుంచి ప్రొజెక్టర్, కొండ ఈ క్షణాన ఎలా ఉందో చూపే కెమెరా బొమ్మను వేస్తోంది. ముందున్న చదరపు తెరకు నేను లేజరుతో తయారుచేసిన హోలోగ్రాం రేకు బిగించాను. వెలుగును పొడవాటి బల్ల చివరల దాకా పరచడమే దాని పని. కానీ బల్ల మధ్యలో ఉన్న అధికారులకు తప్ప ఎవరికీ ఏమీ కనబడటం లేదు. చివర కూర్చున్న, కొండ కిందున్న సాంతా రుఫీనా ఊరివాళ్లకు ఉత్త చీకటి. వాళ్లు సరేనంటేనే ఊరు ఖాళీ అవుతుంది. అక్కదీ ఆ ఊరే, ఆమె పిల్లలిద్దరూ ఇప్పుడు అక్కడే ఉన్నారు.

"మధ్యకొచ్చి చూడక్కా, నీకు దణ్ణం పెడతా."

"మేమంతా దొరల భుజాల మీంచి తొంగిచూడాలా? పోయినసారి వీళ్ల మాట నమ్మి ఊరొదిలితే, తిరిగొచ్చేసరికి గొర్రెల్లేవు. మా కుర్చీల్లో కూర్చుని, మా కళ్లతో చూస్తేనే కదిలేది."

నాకు ఒళ్లు మండింది, అక్క మీద సగం, నా మీద సగం.

"ఇంకా పెద్ద ప్రొజెక్టర్ తెప్పిద్దాం," అన్నాడు నా తోటి ఇంజనీరు అబుందియో.

"తెప్పించు. అందాకా ఆగుతాడేమో దోన్ గోయోని అడిగిరా!" అని కసిరాను.

విసుగ్గా తల పైకెత్తాను. కప్పు మీద వెలుగు చార. కింద నేల మీద ఇంకొకటి. అక్కర్లేని చోటంతా వెలుగే.

అప్పుడు తట్టింది. రేకు చేసినప్పుడు సూక్ష్మదర్శినిలో దాని మీద లేజరు వేసిన సన్నటి మచ్చలు, బియ్యపు గింజల్లా పొడుగ్గా కనబడ్డాయి. వెలుగూ అలాగే అడ్డంగా పరుచుకుంటుందని వాటిని అడ్డంగా బిగించాను. కానీ అది తిరకాసు గింజ, ఎటు సన్నగా ఉంటే వెలుగు అటే చెదురుతుంది. అది పడుకుంటే వెలుగు నిలబడుతుంది, నిలబడితే వెలుగు పడుకుంటుంది.

అధికారులు అరుస్తున్నా వినకుండా రేకు ఊడదీశాను. గింజలు నిలువయ్యేలా పక్కకు తిప్పి బిగించాను.

కప్పు చీకటైంది. వెలుగు బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు ముఖాల మీదుగా పరుచుకుంది. తెర మీద, ఊరివైపు వాలులో, ఎర్రటి చీలిక.

"మన వాగు నెత్తినే," అంది అక్క మెల్లగా. ఊరివాళ్లెవరూ కాదనలేదు. అక్క ఊళ్లో ఉన్నవాళ్లకు ఫోను చేసింది. "గంట కొట్టండి. ముందు పిల్లల్ని బస్సెక్కించండి. గొర్రెల్నీ తోలండి."

ఫోను పెట్టి నావైపు తిరిగింది. "ఇదేదో పొద్దున్నే తిప్పుంటే నీ సొమ్మేం పోయేదే?"

నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. పిల్లల బస్సు ఊరు దాటిందన్న కబురు వచ్చేదాకా వదల్లేదు.