మనసు లేని నాలుగు రొట్టెలు

నీళ్ళు పిండిని తాకగానే, పని సరిచూసే నోసన్ గంట కొట్టాడు. ఇక పద్దెనిమిది నిమిషాలు. ఆలోగా పిసికి, ఒత్తి, కాల్చి, పొయ్యిలోంచి తీసేయాలి. ఒక్క నిమిషం దాటినా పిండి పులిసిన లెక్కే, యూదుల పస్కా పండుగకు చేసే పులియని రొట్టెకు పనికిరాదు. పొడవాటి బల్లకు అటూ ఇటూ నిలబడ్డ ఆడవాళ్ళందరూ రొట్టెలొత్తే కర్రలు ఎత్తి "పండుగ ఆజ్ఞ కోసం" అన్నారు. ఆ మాట అని, మనసు అక్కడే పెట్టి ఒత్తితేనే రొట్టె పండుగకు చెల్లుతుంది. హిండా అనలేదు. అనలేదన్న సంగతి అప్పుడు ఆమెకే తెలియదు.

డెబ్బై మూడేళ్ళ మనిషి. నుదుటి దాకా బిగించి కట్టిన తలగుడ్డ, ముడతల్లో పిండి. జెరూసలేం సందులోని ఈ గదిలో నలభై ఏళ్ళుగా అదే చోట, అదే కర్రతో ఒత్తుతోంది. గంట మోగిన ప్రతిసారీ కర్రను గరుకు కాగితంతో రుద్దాలి, పిండి నలుసు మిగలకూడదు. అలా రుద్ది రుద్ది అది నడుమ సన్నబడింది.

ఎదురింట్లో రొట్టెల యంత్రం ఉంది. దాన్ని చూసి ఆమె భర్త గెట్సెల్ నవ్వేవాడు. "వద్దనడం దానికి చేతకాదే. వద్దనలేనిది సరేనంటే ఎంత, అనకపోతే ఎంత?" ఈ గదికి నీళ్ళు మోసింది అతనే. పోయి తొమ్మిదేళ్ళయింది.

ఈ ఉదయం నోసన్ గంట కొట్టగానే అతను గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో రాత్రంతా నిలవుంచిన నీళ్ళ బకెట్టు, తడిసిన చొక్కా చేయి. ఏమీ అడగలేదు, ఊరికే నవ్వాడు. కిటికీలోంచి పడే ఎండలో పిండి ధూళి బంగారంలా తేలుతోంది. హిండా అతన్నే చూస్తూ ఉండిపోయింది. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి.

"ఏమే హిండా, రొట్టె చేస్తున్నావా, దేశపటం గీస్తున్నావా?" పక్కన ఒత్తుతున్న ష్ప్రింజా అంది.

గుమ్మం ఖాళీగా ఉంది. అప్పటికే ఆమె ఒత్తిన నాలుగు రొట్టెలు పొయ్యిలోకి వెళ్ళిపోయాయి.

గడువు ముగిసి గంట మోగాక ఆమె నోసన్ దగ్గరికి వెళ్ళింది.

"నోసన్, నాయనా, ఈ తట్టలో నాలుగు నావి. ఆ మాట అనలేదు నేను. మనసూ ఇక్కడ లేదు."

నోసన్ ముఖం మాడ్చుకున్నాడు. "ఎవరు చూశారు పెద్దమ్మా?"

"నేను చూశాను."

"ఏవి నీవో ఎలా తెలుస్తుంది? తట్ట మొత్తం మామూలు తిండి కిందికి పోతుంది. విన్నాక నిన్ను బల్ల దగ్గర ఉంచలేను. తెలుసుగా? ఇప్పుడైనా నాతో ఏమీ అనలేదను, నేనూ వినలేదంటాను."

హిండాకు భయం వేసింది. ఇంట్లో రెండు కుర్చీలు, ఒకటి ఖాళీ. ఈ బల్ల తప్ప ఆమెకు వేరే లోకం లేదు. ఏదో ఒక దారికి ఎవరైనా బలవంతపెడితే బాగుండు అనుకుంది. ఎవరూ బలవంతపెట్టలేదు.

"నీతో అన్నాను నాయనా," అంది.

నోసన్ తట్ట పక్కన పెట్టించాడు. ఇంత కష్టం మట్టిపాలా అని ఎవరో గొణిగారు.

"ఒక్కటి చేసి పోతాను. నీళ్ళు తాగిన బావిలో రాయి వేసినట్టు, మేలు చెప్పకుండా పోకూడదు."

నోసన్ కాదనలేకపోయాడు. మళ్ళీ గంట కొట్టాడు. ఈసారి హిండా గొంతు అందరికంటే పైకి వినిపించింది. గుండ్రంగా, పలచగా, ఒక్క మడత లేకుండా రొట్టె వచ్చింది. పిండికీ నీళ్ళకీ కర్రకీ పేరుపేరునా మేలు చెప్పుకుంది. తర్వాత ష్ప్రింజా వైపు తిరిగింది.

"నలభై ఏళ్ళు తిట్టావు. నిద్రపోనివ్వలేదు. నీ మేలు మరువను."

"చాల్లే. రేపొచ్చి మళ్ళీ తిట్టించుకో."

ష్ప్రింజాకు నవ్వు రాలేదు. కళ్ళు మాత్రం తుడుచుకుంది.

హిండా కిటికీ పక్క బెంచీ మీద కూర్చుంది. ఎండ ఒళ్ళోకి వచ్చింది. గుమ్మం వైపు చూసి, ఎవరికో చోటిస్తున్నట్టు కాస్త జరిగింది. గంట మోగి అందరూ కర్రలు రుద్దుతుంటే ష్ప్రింజా పిలిచింది. దగ్గరికి వచ్చి తాకితే హిండాలో ఊపిరి లేదు. పిండి అంటిన అరచేతులు ఒళ్ళో తెరిచే ఉన్నాయి.

ఆ చివరి రొట్టెను నోసన్ తెల్లగుడ్డలో చుట్టి తన ఇంటి పండుగ బల్లకు దాచుకున్నాడు. ఆమె కర్రను తనే రుద్ది, తాడుతో గోడ మీది ఆమె మేకుకు తగిలించాడు. నడుమ సన్నబడి, అరచేతులు ఆనిన కొసల్లో నున్నగా మెరుస్తూ, అది చాలాసేపు మెల్లగా ఊగింది.