ఒకే దుప్పటిలో

సోమవారం వచ్చిందంటే ఆ పాత రికార్డుల ఆఫీసులో కుర్చీలు చాలవు. పాత రిజిస్టర్లలో ఉన్నవాళ్లు తప్పులు దిద్దించుకోవడానికి ఆ రోజే వస్తారు. ఒకాయన తను తాపీమేస్త్రీనే గానీ కూలీని కాదంటాడు. ఒకావిడకు తన వయసు రెండేళ్లు ఎక్కువేశారని బాధ. పోయి వందేళ్లయినా ఆ పట్టింపు పోలేదు. అటెండరు అందరి ముందూ మంచినీళ్ల గ్లాసులు పెడతాడు. పోయినవాళ్లకు దాహం ఉండదు కాబట్టి సాయంత్రం ఆ నీళ్లు మొక్కలకు పోస్తాడు.

చరిత్రకారులు ఆ రిజిస్టర్లను కంప్యూటర్లో వెతుక్కునేలా చెయ్యడం ప్రోగ్రామరమ్మాయి పని. ఇప్పుడు చేతిలో ఉన్నది ఒక అనాథాశ్రమం రిజిస్టరు. లెక్క పెంచి చూపడానికి గుమాస్తా ఒక్కో బిడ్డను రెండుసార్లు రాశాడని, ఈ పని చేయిస్తున్న చరిత్ర ప్రొఫెసరు మేడం గట్టి నమ్మకం. అందుకని ఈ అమ్మాయి ఒక నియమం పెట్టింది. తేదీ, వయసు, చుట్టి తెచ్చిన గుడ్డ ఒకటే అయితే ఇద్దరూ ఒక్కరే. నలభై జంటలు క్షణంలో కలిసిపోయాయి. మేడం మెచ్చుకుంటే అమ్మాయి కాస్త మురిసిపోయింది కూడా.

ఆ తర్వాతి సోమవారం నుంచి ఐదేళ్ల పిల్ల ఒకతె రావడం మొదలుపెట్టింది. మెడలో గుడ్డపట్టీ మీద 215 అని ఉంది. అలాంటి నంబరే లేదంటుంది కంప్యూటరు. మళ్లీ వారం రామ్మా అని అటెండరు పంపేస్తాడు. నాలుగు నెలలు ఇదే తంతు. పిల్ల వచ్చి బెంచీ చివర కూర్చునేది, వెళ్లిపోయేది. పట్టించుకునే తీరిక ఎవరికీ లేకపోయింది.

ఒక సోమవారం ఎనభై దాటిన ముసలావిడ వచ్చి, పెట్టిన నీళ్లు గటగటా తాగేసి ఇంకో గ్లాసు అడిగింది. అటెండరు ఉలిక్కిపడి విజిటర్ల పుస్తకం తెచ్చాడు. బతికున్నవాళ్లు అందులో రాయాలి. ఎంతమంది అన్నచోట ఆవిడ 'ఒక్కదాన్నే' అని రాసింది. తర్వాత ఆశ్రమం ఇచ్చిన పాత కాగితం తీసింది. నంబరు 214.

"ఐదో ఏట జ్వరంతో పోయానని మీ దాంట్లో ఉందట తల్లీ. నాకు వెనకా ముందూ ఎవరూ లేరు. ఉన్న ఒక్కదాన్నీ పోయానంటే ఎలా?"

అమ్మాయి అసలు రిజిస్టరే తెప్పించింది. 214, ఆడపిల్ల, ఏడాది. 215, ఆడపిల్ల, ఏడాది. మొదటిదాన్ని రెండో ఏటే ఎవరో పెంచుకోవడానికి తీసుకెళ్లారు. జ్వరంతో పోయిందన్నది రెండోదాని పక్కన ఉంది. రెండింటి కిందా, కంప్యూటరుకు చదవడం నేర్పని సన్నటి అక్షరాల్లో గుమాస్తా ఇంకో మాట రాశాడు. 'ఇద్దరినీ ఒకే దుప్పటిలో చుట్టి వదిలారు. విడదీస్తే ఏడుస్తున్నారు.'

గుమాస్తా అబద్ధం రాయలేదు. అమ్మాయే చదవలేదు. సిగ్గుతో ఆమెకు తలెత్తబుద్ధి కాలేదు. కలిపిన ఆ రెండింటినీ విడదీసింది.

అటెండరు 215 అని పిలిచాడు. పిల్ల బెంచీ దిగి ముసలావిడ పక్కన నిలబడి ఆవిడ మొహంలోకి చూసింది.

"ఎవరీ పిల్ల?"

"మీ చెల్లెలమ్మా. కవలలు మీరు. నేనే తీసేశాను, తప్పు నాది."

పని అయినవాళ్లు గోడవైపు నడిచి కనిపించకుండా పోవడం అక్కడ మామూలు. ఈ పిల్ల కదల్లేదు. ముసలావిడ చెయ్యి చాపితే వేలు పట్టుకుంది.

ఆ పూటే అమ్మాయి మిగిలిన ముప్పైతొమ్మిది జంటలనూ విడదీసి, ఒక్కొక్కటే చదవడానికి కూర్చుంది.

గుమ్మం దగ్గర ముసలావిడ పుస్తకం మళ్లీ అడిగింది. 'ఒక్కదాన్నే' అన్నది కొట్టేసి 'ఇద్దరం' అని రాసింది. రాయాల్సింది బతికున్నవాళ్లే అని అటెండరు ఆ రోజు అనలేదు. తలుపు తెరిచి పట్టుకున్నాడు.