అడుగు పైకెక్కిన దండెం

"చెయ్యి పైకెత్తితేనే కదా సాగేది. రోజూ ఇక్కడ బట్టలారెయ్యి, వేరే వైద్యం అక్కర్లేదు," అంటూ అతను స్టూలెక్కి బాల్కనీలో దండేన్ని అడుగు పైకి కట్టాడు. కట్టి, దిగి, చేతులు దులుపుకుని, మెచ్చుకుంటుందేమోనని భార్య మొహంలోకి చూశాడు.

ఆమె మెచ్చుకోలేదు. తడి దుప్పటి పట్టుకుని కుడిచెయ్యి ఎత్తబోతే అది చెవి దాకా కూడా రాలేదు. భుజంలో పుట్టిన నొప్పికి కళ్ళు చీకట్లు కమ్మాయి. "కాస్త ఓర్చుకోవాలమ్మాయ్, ఒళ్ళు వంచకపోతే అన్నీ ఇలాగే పట్టేస్తాయి," అంది అత్తగారు లోపల్నుంచి. ఒళ్ళు వంచకపోతేనట. పొద్దున్నే వంట, భోజనం డబ్బాలు, తర్వాత బడిలో పాఠాలు, తిరిగొచ్చాక గిన్నెలు, బట్టలు. ఈ ఒళ్ళు ఇంకా ఎంత వంగాలి, నేలకి అంటుకుపోవాలా?

నిన్న డాక్టర్ దగ్గర జరిగింది తలుచుకుంటే ఇంకా మంటగానే ఉంది. ఫ్రోజెన్ షోల్డర్ అన్నాడాయన. కీలు చుట్టూ ఉన్న పొర బిగుసుకుపోయిందట. దానంతటదే వదలాలంటే ఏడాదో రెండేళ్ళో పట్టొచ్చట. నొప్పి పెరగకుండా మెల్లగా వ్యాయామాలు చెయ్యొచ్చు, కీల్లోకి ఇంజెక్షన్ ఇచ్చి నొప్పి తగ్గాక చెయ్యొచ్చు, దేనికీ లొంగకపోతే మత్తిచ్చి తామే భుజాన్ని వదులు చేస్తారట. ఇదంతా ఆయన చెప్పింది ఆమెకి కాదు, పక్కన కూర్చున్న భర్తకి. బండికి వచ్చిన రిపేరు బండిగలాయనకి చెప్పినట్టు. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకండీ, వ్యాయామం చేయిస్తాలెండి," అని ఆ భర్తగారే తేల్చేశాడు. మెల్లగా అన్న మాట అతని చెవికెక్కలేదు. వ్యాయామం అన్నది మాత్రం ఎక్కింది, దాంతోపాటు దండెమూ పైకెక్కింది.

పోయినేడు ఇతనికే మెడ పట్టేసినప్పుడు ఇంట్లో టీవీ కూడా గొంతు తగ్గించుకుంది. కాపడాలు, మంచం దగ్గరికే భోజనాలు. పని చేస్తే మెడ సాగుతుందని అప్పుడు ఎవరికీ తట్టలేదే!

బడిలో ఆమె అక్షరాలు బోర్డు మీద రోజురోజుకీ కిందికి దిగిపోయాయి. "పై సగం ఎవరికోసం వదిలేస్తున్నారు టీచర్ గారూ?" అని హెడ్మాస్టరు అందరి ముందూ నవ్వాడు. తక్కినవాళ్ళూ నవ్వారు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. ఆమె కూడా నవ్వింది, అలా నవ్వినందుకు సాయంత్రం దాకా తనని తాను తిట్టుకుంది.

దండెం దయవల్ల వారం తిరిగేసరికి చెయ్యి వెనక్కి పోవడం కూడా మానేసింది. బడికి టైమైపోతోంది. సిగ్గు చంపుకుని, "కాస్త ఈ హుక్కు పెట్టండి," అని వీపు తిప్పి నిలబడింది. అతను ఫోన్లోంచి తలెత్తకుండానే, "వదులు బట్టలు కొనుక్కోవచ్చుగా," అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె బడి నుంచి ఇంటికి పోలేదు. తిన్నగా డాక్టర్ దగ్గరికి పోయింది.

"మీవారు రాలేదా?"

"భుజం వచ్చిందండీ. చాలదా?"

డాక్టర్ పెన్ను కింద పెట్టి మొదటిసారి ఆమె వైపు సరిగ్గా చూశాడు. "అయితే మీరేం అనుకుంటున్నారు?" అన్నాడు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అందరినీ అడగడమే తప్ప, నీకేం కావాలని తననెవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. అప్పుడు ఒక్కొక్కటే అడిగింది. ఇంజెక్షన్ వల్ల ఇబ్బందులేంటి, ఎన్నాళ్ళు పనిచేస్తుంది, ఆ తర్వాత ఏం చెయ్యాలి. అన్నీ విన్నాక, "ఇంజెక్షన్ చెయ్యండి. ఫిజియోథెరపీకి రోజూ సాయంత్రం నేనే వస్తాను," అంది.

ఇంట్లో దీపాలు పెట్టినా వంటింట్లో పొయ్యి వెలగలేదు. తల్లీకొడుకులిద్దరూ ఆమె కోసం ఎదురుచూస్తున్నారు, ఆకలితో. ఆమె జరిగింది చెప్పింది.

"నన్నడక్కుండానా?" అన్నాడతను.

"నొప్పి నన్నడిగే వస్తోందా?"

అతను కాసేపు అటూ ఇటూ తిరిగాడు. చివరికి పెద్దమనసు చేసుకుని, "సరేలే, అయిందేదో అయింది. నీ చెయ్యి బాగయ్యేదాకా ఇంటిపనిలో నేను కాస్త సాయం చేస్తాను," అన్నాడు.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. పొయ్యి వైపు వెళ్ళలేదు.

"సాయం కాదండీ, మీ వంతు. నా చెయ్యి బాగయ్యాక కూడా."