వుడ్‌వర్డ్ రోడ్డు మీద ఆగని బండి

నా బండి వుడ్‌వర్డ్ రోడ్డు మీద ఏనాడూ ఆగలేదు. ఎర్రలైటు దగ్గర ఆగుతుంది, అది పోలీసుల మర్యాద కోసం. అంతే తప్ప తనంతట తాను చతికిలబడిన చరిత్ర దానికి లేదు. డెట్రాయిట్ నుంచి పాంటియాక్ దాకా ఎవరినైనా అడగండి. డెల్బర్ట్‌ను మాత్రం అడగకండి.

డెల్బర్ట్ మా పక్కింటివాడు. ఇద్దరం ఒకే కార్ల ఫ్యాక్టరీలో, పక్కపక్కనే నిలబడి తలుపులు బిగించి, రిటైరయ్యాం. నా బండి మీద అతనికి ఎప్పటినుంచో కన్ను. ఉండదా మరి! యాభై ఏడు మోడల్, పైన మీగడ రంగు, కింద ఆకాశం రంగు, వెనక పైకి లేచిన రెండు రేకు రెక్కలు. డెల్బర్ట్ మీసాలకు మైనం రాసి కొనలు పైకి మెలితిప్పుకుంటాడు. నా బండి కనిపించినప్పుడల్లా ఆ కొనలు ఇంకాస్త పైకి లేస్తాయి.

ఏటా ఆగస్టులో పాత కార్ల పండుగకు ఆ రోడ్డు మీద బండ్లు నత్తల్లా ఊరేగుతాయి. చూసేవాళ్ళు మడతకుర్చీలతో రోడ్డు పక్కకు చేరతారు. గడ్డి మీద కుర్చీ పెట్టి ఇంటికి వెళ్ళిపోయినా సరే, ఆ చోటు నీదే, ఇంకొకడు ముట్టుకోడు. డెల్బర్ట్ కుర్చీ ఎప్పుడూ హాట్‌డాగ్ దుకాణం ముందే ఉంటుంది.

ఈసారి పండుగకు ముందు నా భార్య ఐర్మా గరాజ్‌లో టేపు పెట్టి గోడలు కొలుస్తూ కనిపించింది.

"ఏంటది?" అన్నాను.

"నా కుట్టుమిషన్‌కి చోటు. పోయినేడు బండి దారిలో ఆగింది. అంతకుముందేడూ ఆగింది. ఈ పండక్కి మళ్ళీ ఆగిందనుకో, సోమవారం దాన్ని డెల్బర్ట్‌కి అమ్మేస్తున్నాం, వాడికి చెప్పేశాను కూడా. గరాజ్ నాది."

"అవి ఆగడాలు కావే, విశ్రాంతులు."

"విశ్రాంతి తీసుకున్నదాన్ని లారీ మీద ఎక్కించుకు రారు, ముసలోడా."

సరేనన్నాను. నాకు భయమెందుకు? చలికాలమంతా కూర్చుని రేడియేటర్ ఊడదీశాను, కడిగాను, నిగనిగలాడే నల్లరంగు పూత మీద పూత వేశాను. బానెట్ ఎత్తితే అందులో చూసుకుని తల దువ్వుకోవచ్చు. చిన్నప్పుడు దుంపతోటల మధ్య మా ఒంటిగది బడిలో టీచరమ్మ నా గురించి మెచ్చుకున్నది ఒక్కటే, చేతిపని శుభ్రమని. ఆ మాట నేను ఇప్పటికీ నిలబెడుతున్నాను.

శుక్రవారం రోడ్డు ఖాళీగా ఉంది. బండి వెన్నలో కత్తిలా పోయింది. ఐర్మా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. వంక పెట్టడానికి నేనేం మిగిల్చాను గనక!

శనివారం బంపరుకు బంపరు తగిలేంత జనం. ఒక గజం కదలడం, ఆగడం. కాసేపటికి ఇంజిన్ వేడి చూపించే ముల్లు నిద్ర లేచి పైకి పాకసాగింది. దానికి మందు మాకందరికీ తెలిసిందే. హీటర్ పూర్తిగా తిప్పేస్తే ఇంజిన్ వేడి కొంత మన మీదికి వచ్చేస్తుంది. తిప్పాను.

"ఏంటీ సెగ?" అంది ఐర్మా.

"నీకు జలుబు చేస్తుందేమోనని."

"ఆగస్టులోనా?"

"జలుబుకు నెలలు తెలియవే."

ఆమె బూట్లు విప్పేసి, శాండ్‌విచ్ డబ్బా మూతతో విసురుకోసాగింది. సీటు మీద కోడిగుడ్డు పెడితే పిల్ల బయటికొచ్చి నీళ్ళడిగేది. నేను మాత్రం పక్కవాళ్ళకు చెయ్యి ఊపుతూ, పళ్ళు బయటపెట్టి, చెమటలో తేలుతూ నడిపాను. ముల్లు ఎర్రగీత దాటింది. సరిగ్గా హాట్‌డాగ్ దుకాణం ముందు బుస్సుమని ఆవిరి లేచింది. ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

అవును, ఆగింది. పైన మొదటి వాక్యం కొట్టేసుకోండి. రాసేటప్పుడు బాగుందని రాశాను.

డెల్బర్ట్ కుర్చీలోంచి లేచాడు. మీసాల కొనలు ఆకాశాన్ని పొడుస్తున్నాయి.

"ఏరా ఆర్విల్, ఆగిందా?" అని వీధంతా వినపడేలా అరిచాడు. "సోమవారం తాళాలు తెచ్చిస్తావా, నన్నే రమ్మంటావా?"

నేను నోరు తెరిచాను. నా జీవితంలో మొదటిసారి అందులోంచి ఒక్క అబద్ధమూ రాలేదు.

ఐర్మా తలుపు తీసుకుని, బూట్లు ఒక చేత్తో, డబ్బా ఇంకో చేత్తో పట్టుకుని దిగింది.

"ఆగడమేంటి డెల్బర్ట్? ఆపమన్నది నేనే. నీకు శాండ్‌విచ్ ఇద్దామని."

"మరి ఆ ఆవిరి?"

"నీ తిండి చల్లారకూడదని. తిను, తిను."

రోడ్డు పక్కన కుర్చీలన్నీ ఘొల్లుమన్నాయి. డెల్బర్ట్ శాండ్‌విచ్ పట్టుకుని ఆ ఆవిర్లో నిలబడిపోయాడు. మైనం కరిగి మీసాల కొనలు రెండూ మెల్లగా కిందికి వాలి గడ్డాన్ని తాకాయి.

తర్వాత అక్కడి ఆనవాయితీ ప్రకారం ఎవరూ పిలవకుండానే జనం లేచి, బండిని దుకాణం ఆవరణలోకి తోశారు. చల్లారాక బానెట్ ఎత్తాను. డెల్బర్ట్ తొంగిచూశాడు.

"ఒరేయ్, రేడియేటర్‌కి ఇన్ని పూతలేంట్రా? దానికి కంబళి కప్పావు కదరా!"

"మెరుస్తోందా లేదా?"

"మెరుస్తోంది. ఊపిరాడట్లేదు."

ఆదివారం పొద్దున్నే డెల్బర్ట్ తీగల బ్రష్ పట్టుకుని వచ్చాడు. "రేపో మాపో నాదయ్యే బండి, పాడవకూడదని" అన్నాడు. ఇద్దరం రంగంతా గీకాం. మధ్యాహ్నం నేనూ ఐర్మా మళ్ళీ వుడ్‌వర్డ్ ఎక్కాం. ఇళ్ళకు తిరిగిపోయే బండ్ల వెనక ఆ చివరి నుంచి ఈ చివరికి నత్తనడకే. ముల్లు కునుకు తీస్తూనే ఉంది.

"మరి నిన్న?" అన్నాను. "నిజంగా ఆగింది కదా?"

"ఆపమన్నాను. సాక్షి డెల్బర్టే."

"గరాజ్ వదులుకున్నావా?"

"నువ్వు వాడి ముందు ఒక్క కోతా కొయ్యకుండా నోరు మూసుకుని నిలబడ్డావయ్యా. బండి అమ్మేసి, అలాంటి మొగుణ్ణి చచ్చేదాకా ఇంట్లో పెట్టుకుని ఏం చేసుకోను? కుట్టుమిషన్ బండి పక్కనే పడుతుంది, కొలిచే చూశాను."

పట్టింది. ఇప్పుడు ఆ రెక్కల మీద ఎప్పుడూ ఏదో ఒక గుడ్డ ఆరేసి ఉంటుంది.

ఇందులో అంతా నిజమే, మీసాలు తప్ప. డెల్బర్ట్‌కు మీసాలు ఎప్పుడూ లేవు, వాళ్ళావిడ పెంచనివ్వదు. కానీ ఆ శనివారం అతని ముఖం ఎలా వాలిపోయిందో మీకు చూపించాలి కదా. దానికి నాకు మీసాలు కావలసి వచ్చాయి.